రేవు దాకా ఒక్క ఊపిరి

ఆ డిపోలో అన్ని బస్సులకూ హారన్లున్నాయి. పదకొండో నంబరు రెండంతస్తుల బస్సుకూ ఒకటుంది కాని, అది మోగి ఎన్నాళ్ళయిందో దానికే గుర్తు లేదు. ఆ బస్సుకు అలాంటి కండక్టరు ఉండగా హారన్ ఏం చేసుకోను?

ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండేది. డిపోలో మాత్రం సైరన్. వయసులో చిన్నవాళ్ళు సైరనక్క అనేవాళ్ళు. మేనేజరైతే, ముందు చెవిలో వేలు పెట్టుకుని తర్వాత పిలిచేవాడు. పొద్దున్నే డిపో గేటు దగ్గర బస్సు మెట్టు మీద ఒక కాలు ఆనించి, రెండో కాలు గాల్లో వదిలేసి, టికెట్ల సంచీని వీపు మీదికి తోసి, ఆమె గుండెల నిండా గాలి పీల్చేది. ఆ పీల్పుకు గేటు పక్కనున్న టీకొట్టు పొయ్యిలో మంట ఆమె వైపు వంగేదని టీకొట్టాయన ఒట్టేసి చెబుతాడు. ఆ తర్వాత వచ్చేది కేక.

"మార్కెట్టూ పాతవంతెనా గడియారస్తంభం నీళ్ళట్యాంకూ బాలికలబడీ గోదాములూ రైలుగేటూ పెద్దాసుపత్రీ కోర్టూ సబ్బులఫ్యాక్టరీ మూడులైట్లూ కొండమలుపూ రేవూ... రేవూ... రేవూ..."

మధ్యలో ఊపిరి తీసుకోవడం లేదు, మింగడం లేదు. డిపో నుంచి రేవు దాకా మొత్తం దారి ఒక్క ఊపిరిలో వెళ్ళిపోయేది. చివరి "రేవూ" మాత్రం సాగేది, సాగేది, వీధి మలుపులో చెప్పులు చేతపట్టుకుని పరిగెత్తుకొస్తున్న ఆఖరి ప్రయాణికుడు మెట్టెక్కేదాకా సాగేది. అప్పుడుగాని ఆమె "రైట్ రైట్" అనేది కాదు. అది అననిదే డ్రైవరు గేరు వేసేవాడు కాదు. ఆ కేకకు రెండు వీధుల అవతల పడుకున్న కుక్క లేచి వచ్చి క్యూలో నిలబడేదని డిపోలో చెప్పుకుంటారు. కుక్క టికెట్టు తీసుకుందా లేదా అన్న దాని మీద మాత్రం ఇప్పటికీ తగాదా తెగలేదు.

సైరన్‌కు కేక ఎంత పొడుగో కోతలూ అంత పొడుగు. యూనిఫాం కాలరు పైన, మెడ కింద, ఆమెకొక మచ్చ కనిపించేది. తెల్లగా, నిలువుగా, చొక్కా లోపలికి దిగిపోయే మచ్చ. ఎవరైనా అటు చూస్తే చాలు, టికెట్టుతో పాటు ఒక కథ చింపి ఇచ్చేది. పళ్ళ బుట్టతో ఎక్కిన ఆమెకు పులి కథ చెప్పింది.

"పులే పిన్నీ. గోరు పెట్టి ఒక్క గీత గీసింది. నేను ఒక్క కేక పెట్టాను. పాపం, దానికి ఆ రోజు నుంచీ చెవుడు."

బడిపిల్లలకు మెరుపు కథ. మెరుపు ఆమె ఛాతీలోకి దూరిందట, బయటికి వచ్చే దారి తెలియక అక్కడే ఉండిపోయిందట, అందుకే గొంతు అలా ఉరుముతుందట. కోర్టు గుమాస్తాకు ఇంకోటి చెప్పింది. చిన్నప్పుడు ఆపిల్ గింజ మింగితే చెట్టు మొలిచిందట. కోసి తీసేటప్పటికి రెండు కాయలు కూడా కాసిందట. గుమాస్తా కళ్ళజోడు సర్దుకుని, "తియ్యగా ఉన్నాయా?" అని అడిగాడు.

పెద్దయ్యాక ఆమె చుట్టూ ఉన్నవాళ్ళలో అసలు సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు ఆమె తల్లి, రెండోవాడు మొగుడు. మొగుడు తాళాలు బాగుచేసేవాడు. వీధిలో అందరి తలుపులూ తెరిచి తన నోటికి మాత్రం తాళం వేసుకున్న మనిషి. అతని దగ్గర చెప్పిన మాట ఎక్కడికీ పోదు.

అసలు సంగతి ఏమిటంటే, సైరన్ నీలంగా పుట్టింది. గుండె లోపలి గోడకు చిల్లు, ఊపిరితిత్తులకు రక్తం వెళ్ళే దారి ఇరుకు. పెదవులు నేరేడుపండు తిన్నట్టుండేవి. నాలుగడుగులు పరిగెత్తి నేల మీద గొంతుక్కూర్చునేది. తోటి పిల్లలు అది కూడా ఆటే అనుకుని ఆమెతో పాటు కూర్చునేవాళ్ళు. బడికి వెళ్ళే వయసు వచ్చేసరికి ఆపరేషన్ చేశారు. చిల్లు మూశారు, ఇరుకు దారిని కోసి వెడల్పు చేశారు. పెదవులు గులాబీ రంగుకు తిరిగిన రోజున పెద్ద డాక్టరు తల్లితో అన్నాడు, "బాగైపోయిందమ్మా. ఇక మీ పాప అందరి పిల్లల్లాంటిదే."

ఆ ఒక్క మాటను తల్లి ఎన్ని వీధుల్లో పంచిపెట్టిందో! పిల్ల అన్నం వద్దంటే, "నీకేంటే, నీ గుండె బాగైపోయింది." పిల్ల చెట్టెక్కితే చుట్టుపక్కల వాళ్ళను పిలిచి, "చూడండి, అందరి పిల్లల్లాంటిదే." కొన్నాళ్ళు ఏటేటా ఆసుపత్రికి తీసుకెళ్ళేది. పిల్ల ఎదిగాక పిల్లల వార్డువాళ్ళు, "ఇంత పొడుగు మనిషి ఇక్కడికెందుకు?" అన్నారు. పెద్దల వార్డుకు వెళ్ళమని వాళ్ళు చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. బాగైపోయిన గుండెను పట్టుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళడమంటే పెద్ద డాక్టరు మాటను శంకించినట్టేనని తల్లి నమ్మకం. అలా అందరూ సుఖంగా మర్చిపోయారు. సైరన్ పెరిగింది, తాళాలాయనను పెళ్ళాడింది, బస్సెక్కింది, రేవు దాకా ఒక్క ఊపిరిలో కేక పెట్టింది. మర్చిపోనిది గుండె ఒక్కటే.

మొదట జారిపోయింది రేవు. ఒకరోజు కొండమలుపు అన్నాక గాలి అయిపోయింది. సైరన్ దగ్గినట్టు నటించి, గుక్క తిప్పుకుని, "రేవూ" అంది. అది జలుబన్నారు. ఆ తర్వాత సబ్బుల ఫ్యాక్టరీ దగ్గర ఆగింది. ఎండలన్నారు. ఇంకొన్నాళ్ళకు కోర్టు దాకా కూడా పోలేదు. అప్పుడు ఆమెకొక తెలివి పుట్టింది. పెద్దాసుపత్రి అన్నాక ఆగి, కిందున్న ఎవరో ఒకరి మీద గయ్యిమనేది. "ఏం బాబూ, ఫుట్‌బోర్డు మీ ఇంటి గడపనుకున్నావా?" ఆ తిట్టు చాటున ఊపిరి తీసుకుని మిగతా దారి పూర్తిచేసేది. పాపం, ఏ పాపమూ ఎరుగని ప్రయాణికులు ఆమె ఊపిరితిత్తుల కోసం ఎన్ని తిట్లు తిన్నారో!

మెట్లు ఇంకో బాధ. పై అంతస్తుకు రోజూ ఎన్నిసార్లో ఎక్కిదిగే మనిషికి, సగం మెట్లెక్కేసరికి కళ్ళ ముందు మిణుగురులు తిరిగేవి. అందుకని ఒక బుట్ట తెచ్చింది. దానికి తాడు కట్టి, తాడును పై అంతస్తు కటకటాలకు తగిలించింది. పైనున్నవాళ్ళు చిల్లర బుట్టలో వేసి కిందికి దింపాలి. ఆమె టికెట్లు వేస్తే పైకి లాక్కోవాలి.

"నేనెందుకెక్కాలి? టికెట్టే ఎక్కుతుంది!" అని డిపోలో చాటింపు వేసుకుంది. "ఇది నా సొంత ఆవిష్కరణ. రేపో మాపో రైళ్ళవాళ్ళు వచ్చి కాళ్ళావేళ్ళా పడతారు."

జనం మురిసిపోయారు. ఆ బుట్ట లాగడం కోసమే కింద సీట్లు ఖాళీగా ఉన్నా పైకెక్కేవాళ్ళు. ఒకామె కోర్టు దగ్గర అందులో బెండకాయలు దింపి, రేవు దగ్గర ఎత్తుకుంది.

మురిసిపోనిది డ్రైవరొక్కడే. ఆయనను సైరన్ బాబాయ్ అనేది. మీసం చీపురుకట్టంత, కోపం కూడా అంతే. ఇన్నేళ్ళలో ఆమె మచ్చ సంగతి అడగని మనిషి బస్సంతటిలో ఆయనొక్కడే. కాని ఆయన కూర్చునే చోటి నుంచి కేక వినడం తప్ప వేరే పని లేదు.

"ఏం అమ్మాయ్, ఇవాళ రైలుగేటు దగ్గరే ఆగావు?" అన్నాడొకనాడు.

"గేటు పడింది బాబాయ్."

"నా కళ్ళ ముందు గేటు తెరిచే ఉంది."

"నీ కళ్ళు పరీక్ష చేయించుకో ముందు. ఆ మీసం అడ్డమొస్తోందేమో!"

మాటకు మాట అంటించి తప్పించుకుంది. ఎందుకు తప్పించుకుందంటే, ఆమెకు భయం. చావంటే కాదు. దాని గురించి ఆమె అసలు ఆలోచించలేదు. డిపో వెనకాల, మరిచిపోయిన గొడుగులూ టిఫిన్ డబ్బాలూ దాచే గది ఒకటుండేది. ఆరోగ్యం చెడిన కండక్టర్లను అందులో కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళు. అరవడానికి మనిషి ఉండడు. గొడుగుల మీద ఎంతసేపని అరుస్తాం?

ఒకరోజు మధ్యాహ్నం, గోదాముల దగ్గర, సైరన్ గుండె తన మాట వినడం మానేసింది. లోపల ఎవరో గుర్రాలను అదిలించినట్టు టకటకలాడింది. చెమటలు పట్టాయి. మెట్ల మీద కూలబడి కూడా పక్కనున్న ముసలాయనకు, "ఏం లేదు తాతా, లోపల మెరుపు పక్కకు తిరిగి పడుకుంటోంది" అంది. గుర్రాలు వచ్చినట్టే పోయాయి. ఆమె లేచి నిలబడేసరికి బస్సు పెద్దాసుపత్రి స్టాపులో ఆగి ఉంది. దిగేవాళ్ళు దిగారు. ఎక్కేవాళ్ళు ఎక్కారు.

"రైట్ రైట్" అంది సైరన్.

బస్సు కదలలేదు.

"బాబాయ్, రైట్ అన్నాను."

"వినపడింది." ఆయన ఇంజను ఆపేశాడు. తాళంచెవి తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. "నువ్వు దిగితే కదులుతుంది."

"నేను దిగితే టికెట్లెవరిస్తారు?"

"బుట్ట ఇస్తుంది. నీ ఆవిష్కరణే కదా!"

బస్సులో కలకలం రేగింది. కోర్టుకు టైమవుతోందని గుమాస్తా గొణిగాడు. అప్పుడు పళ్ళ బుట్ట పిన్ని లేచి నిలబడి, "దిగవే తల్లీ. పులిని తరిమినదానివి, డాక్టరుకు భయపడతావా?" అంది. పై అంతస్తు నుంచి ఎవరో బుట్ట కిందికి దింపారు. దాన్లో మంచినీళ్ళ సీసా ఉంది. దాంతో సైరన్ నోరు మొదటిసారి మూతపడింది. గుటుక్కున నీళ్ళు తాగి దిగిపోయింది. గుమాస్తా ఆ రోజు కోర్టు మానుకుని ఆమె సంచీ మోసుకుంటూ లోపలి దాకా వచ్చాడు.

అక్కడ అన్ని పరీక్షలూ అయ్యాక ఒక డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టారు. పుట్టుకతో గుండె లోపమున్న పిల్లలు పెద్దవాళ్ళయ్యాక వాళ్ళను చూడటం, మళ్ళీ ఆపరేషన్ చేయడం ఆమె పని. పొట్టి మనిషి. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు నేలకు అందేవి కావు. మొగుడు, తల్లి చెరో పక్కన కూర్చున్నారు.

"చిన్నప్పుడు మీ ఇరుకు దారిని కోసి వెడల్పు చేశారు" అంది డాక్టరమ్మ. "అలా చేసినప్పుడు అక్కడి కవాటం పాడవుతుంది. తలుపు లేని గుమ్మమన్నమాట. ముందుకు పోయిన రక్తంలో కొంత ప్రతిసారీ వెనక్కి వచ్చేస్తోంది. ఇన్నేళ్ళూ గుండె కుడివైపు ఒకే పనిని రెండేసిసార్లు చేసి చేసి సాగిపోయింది. కొత్త కవాటం పెట్టాలి. ఇంకా ఆలస్యం చేస్తే సాగింది మళ్ళీ దగ్గరికి రాదు."

"బాగైపోయిందన్నారు కదమ్మా!" అంది తల్లి.  "పెద్ద డాక్టరు స్వయంగా అన్నాడు. నేను అదే నమ్మి... నేనే దాన్ని..."

"అప్పట్లో మేమందరం అలాగే అనుకున్నామమ్మా. ఆ పిల్లలు పెరిగి పెద్దయి తిరిగి వస్తేనే మాకూ తెలిసింది. ఆ ఆపరేషన్ మంచిదే. అది లేకపోతే ఈవిడ ఇవాళ నా ముందు కూర్చునేది కాదు. ఏటేటా చూపించుకుంటూ ఉండాల్సింది, అంతే."

"మళ్ళీ కోయాలా? కాలి దగ్గర గొట్టం పెట్టి ఏదో చేస్తారంటారు..." అంది సైరన్.

"మీ దారి మరీ వెడల్పుగా ఉంది, అలా పెడితే నిలవదు. ఛాతీ తెరవాల్సిందే. రెండోసారి తెరవడం మొదటిసారి అంత తేలిక కాదు. పాత గాయం మానేటప్పుడు గుండె ఎముక వెనక్కి అతుక్కుపోయి ఉంటుంది. నెమ్మదిగా విడదీయాలి. ప్రమాదం లేదని అబద్ధం చెప్పను. చేయకపోతే ఇంకా పెద్ద ప్రమాదం."

"ఆ కవాటం దేంతో చేస్తారు?"

"పశువు గుండె చుట్టూ ఉండే పొరతో."

సైరన్ మొగుడి వైపు తిరిగింది. "విన్నావా? ఇన్నాళ్ళూ పులి కథ చెప్పాను. ఇకమీద నిజంగానే లోపలో జంతువుంటుంది."

తాళాలాయన నవ్వలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడామె అసలు ప్రశ్న అడిగింది. ఇంత చిన్న గొంతుతో ఆమె ఎప్పుడూ మాట్లాడి ఉండదు.

"డాక్టరుగారూ, నా కేక మళ్ళీ రేవు దాకా వస్తుందా?"

ఆ రేవేమిటో, కేకేమిటో తల్లి వివరించాల్సి వచ్చింది. డాక్టరమ్మ శ్రద్ధగా విని, "కవాటానికి నాది పూచీ" అంది. "ఊపిరి పెరుగుతుందనే అనుకుంటున్నాను. రేవు దాకా అంటారా, అది మీరు చూసి నాకు చెప్పాలి."

బయటికొచ్చాక తల్లి మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. సైరన్ పక్కన కూర్చుంది. "అమ్మా, బాగైపోయిందని నువ్వు ఊరంతా చాటావు కాబట్టి చెట్లెక్కాను. లేకపోతే దూదిలో పెట్టి దాచేదానివి. నేను ఆ గొడుగుల గదిలోనే పుట్టి పెరిగేదాన్ని. ముక్కు తుడుచుకో, జనం చూస్తున్నారు."

ఇక సెలవు అడగాలి. రక్తమిచ్చేవాళ్ళను వెతకాలి. మర్నాడు మధ్యాహ్నం టీ వేళకు డిపో విశ్రాంతి గదిలో సైరన్ బెంచీ ఎక్కింది. డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులు, కెటిల్‌తో టీకొట్టాయన, లెక్క చూసుకోవడానికి వచ్చిన మేనేజరు, అందరూ తలలెత్తారు.

"నా గుండెకు ఆపరేషన్. నాకు సెలవు కావాలి, మీ రక్తం కావాలి."

గది చప్పట్లతో దద్దరిల్లింది.

"పులి మళ్ళీ వచ్చిందా సైరనక్కా?"

"ఈసారి ఆపిల్లా, మామిడా? కాయలు మాకూ పెట్టు!"

"నిజంరా బాబూ! గుండెను కాసేపు ఆపేస్తారు. అంతసేపూ రక్తాన్ని ఒక యంత్రం తిప్పుతుంది..."

నవ్వులు. ఒక మెకానిక్కు రెంచి కింద పడేసుకున్నాడు.

"పశువు పొరతో చేసిన కవాటం పెడతారు..."

ఇక ఆగలేదు. కండక్టరొకడు నవ్వి నవ్వి గోడకు చేరగిలబడి జారిపోయాడు. మేనేజరు కళ్ళు తుడుచుకుంటూ, "నిరుడు మీ బామ్మ పెళ్ళన్నావు, సెలవిచ్చాను. సెలవు కావాలంటే అడుగు తల్లీ, గుండె తీసి నా బల్ల మీద పెట్టకు" అన్నాడు.

ఇన్నేళ్ళుగా పులిని నమ్మారు, మెరుపును నమ్మారు. తీరా నిజం చెబితే అది అన్నిటికంటే పెద్ద కోతలా వినిపించింది.  సైరన్ బెంచీ దిగి, దాని మీదే కూర్చుంది. వాళ్ళకు అది కూడా కథలో భాగమే అనిపించింది.

అప్పుడు బాబాయ్ లేచాడు.

"నవ్వింది చాలు. ఒక్క మాట అడుగుతా, చెప్పండి. ఈ అమ్మాయి పొద్దున పెట్టే కేక ఎక్కడిదాకా వస్తుంది?"

"రేవు దాకా" అన్నారు పదిమంది.

"ఒక్క ఊపిరిలో?"

ఎవరో అవునన్నారు. ఇంకెవరో అనలేదు. గోడకు జారినవాడు మెల్లగా లేచి, "నిరుడు కొండమలుపు దగ్గర దగ్గేది" అన్నాడు.

"ఆ తర్వాత పెద్దాసుపత్రి దగ్గర ఆగి తిట్టేది" అన్నాడు రెంచి పడేసిన మెకానిక్కు. "నన్నే తిట్టింది ఒకసారి. నేను ఆ బస్సెక్కనేలేదు."

టీకొట్టాయన కెటిల్ కింద పెట్టాడు. "ఆమె రేవు అనేసరికి నేను పాలు దింపేవాణ్ణి. ఈ మధ్య ఆమె ఊపిరి తీసుకునేది బాలికల బడి దగ్గరే. రేవు వచ్చేసరికి పాలు రోజూ పొంగిపోతున్నాయి. పొయ్యి పాడైందనుకున్నా."

గదిలో ఎవరూ నవ్వలేదు. అందరూ అదే కేకను మనసులో మళ్ళీ విన్నారు. ఒక్కో స్టాపు వెనక్కి వెనక్కి నడిచొచ్చిన కేక. రోజూ వింటూనే ఉన్నారు, వినిపించలేదు. మేనేజరు కళ్ళు తుడుచుకోవడం ఆపి, "ఎన్నాళ్ళు కావాలో అన్నాళ్ళు తీసుకో" అన్నాడు. మళ్ళీ ఏదో తట్టినట్టు, "గొడుగుల గదిలో నీకు కుర్చీ ఏమీ వేయించను. నువ్వు తిరిగి మెట్టు మీదికే రావాలి" అన్నాడు.

రక్తమివ్వడానికి డిపో డిపో అంతా కదిలింది. ఆసుపత్రి ముందు రెండంతస్తుల బస్సు ఆగితే దానిలోంచి ఖాకీలు దిగుతూనే ఉన్నారు. రక్తం తీసే అమ్మాయి సీసాను వెలుగులో పెట్టి చూసి, "డీజిల్ వాసనేదో వస్తోందండీ" అందట. గోడకు జారినవాడు, "మాది ఎక్కితే అక్క ఓవర్‌టైం అడుగుతుంది, చూసి ఎక్కించండి" అన్నాడట.

ఆపరేషన్ నాడు మత్తు డాక్టరు అంకెలు లెక్కపెట్టమన్నాడు. సైరన్‌కు అంకెలతో పనేముంది? "మార్కెట్టూ పాతవంతె..." అంది. వంతెన దాటలేదు.

బయట బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు. బాబాయ్ యూనిఫాంలోనే వచ్చి మీసం పీక్కుంటున్నాడు. పొద్దెక్కింది, నడినెత్తికి వచ్చింది, వాలింది. తలుపు తెరుచుకోలేదు. తల్లి, "ఇంతసేపేంటి? ఇంతసేపేంటి?" అంటూనే ఉంది. చివరికి తాళాలాయన నోరు విప్పాడు. పెళ్ళయినప్పటి నుంచీ అత్తగారితో ఆయన మాట్లాడిన అతి పొడవైన మాట అదే.

"అత్తయ్యా, పట్టేసిన పాత తాళం నా దగ్గరికొస్తే నేను తొందరపడను. తొందరపడితే విరుగుతుంది. ఆలస్యమవుతోందంటే లోపలున్నావిడ జాగ్రత్తగా ఉందన్నమాట."

తల్లి అల్లుడి వైపు చూసి, "నీకు మాటలొచ్చా నాయనా?" అంది. ఆ రోజంతటిలో ఆమె నవ్వింది అప్పుడే.

డాక్టరమ్మ వచ్చేసరికి టోపీ అచ్చు నుదుటి మీద పడి ఉంది. "అతుక్కునే ఉంది. విడదీయడానికే ఎక్కువసేపు పట్టింది. కవాటం చక్కగా కూర్చుంది. గుండె తనంతట తాను కొట్టుకుంటోంది."

మర్నాడు పొద్దున అద్దాల గదిలోకి ఒక్కొక్కరినే పంపారు. సైరన్ గొంతులో గొట్టం ఉంది. లోకంలో ఎన్ని వింతలు ఉన్నా, మెలకువగా ఉన్న సైరన్ మాట్లాడకుండా ఉండటం కంటే పెద్ద వింత లేదు. బాబాయ్ ఆమె వైపు చూడలేక గోడ మీది గడియారాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఇంతలో టంగు, టంగుమని రెండు చప్పుళ్ళు. ఆమె ఉంగరపు వేలితో మంచం ఇనుప కమ్మీ మీద రెండు దెబ్బలు కొట్టింది. బస్సులో బెల్లు చెడితే ఆమె కమ్మీ మీద కొట్టేది అలాగే. ఒకటి కొడితే ఆగు, రెండు కొడితే పద.

"రైట్ రైట్ అంటోంది!" అని ఆ మీసాల మనిషి అద్దాల అవతలి వాళ్ళకు వినిపించేలా అరిచాడు. నర్సు వచ్చి ఆయనను బయటికి పంపించేసింది.

తర్వాత వార్డులో ఒక ప్లాస్టిక్ డబ్బాను చేతికిచ్చారు. అందులో మూడు చిన్న బంతులు. గొట్టంతో గాలి లోపలికి పీలిస్తే బంతులు లేవాలి. ఊపిరితిత్తులు తెరుచుకోవడానికి అది. మొదటిరోజు ఒక్క బంతి కూడా కదల్లేదు. "ఇది చెడిపోయింది. ఇంకోటివ్వండి" అంది సైరన్. ఇంకోటీ అంతే. మూడో నాటికి ఒకటి లేచింది. వారం తిరిగేసరికి వార్డు మొత్తంలో పోటీలు మొదలయ్యాయి. పక్క మంచం మీద ఒక బడిపంతులుగారు, ఆయనదీ చిన్నప్పటి గుండె జబ్బే, రెండో కోతే. ఆయన రెండు బంతులు లేపి, "మీది నోరే గాని ఊపిరి కాదండీ" అన్నాడు. ఆ మాట పడి ఊరుకుంటుందా? ఆ సాయంత్రానికి మూడూ లేపి, అవి పైకప్పుకు తగిలి కిందికి రావడానికి కాసేపు పట్టిందని ఇప్పటికీ చెబుతుంది.

ఆ రోజుల్లో ఆమెకు శత్రువు నవ్వు. దగ్గినా నవ్వినా ఛాతీ ఎముక మంటెత్తేది. దిండు గుండెకు హత్తుకుని దగ్గమన్నారు. అందుకని చూడ్డానికి వచ్చిన డిపోవాళ్ళకు జోకులు వేయకూడదని తల్లి తలుపు దగ్గరే ఆంక్ష పెట్టింది. వాళ్ళు గోడ పొడుగునా బిగుసుకుని, మాటామంతీ లేకుండా, ఫొటోకు నిలబడ్డట్టు నిలబడ్డారు. ఆ ముఖాలు చూసి సైరన్‌కు ఇంకా ఎక్కువ నవ్వొచ్చింది. దిండు కుట్లు పిగిలాయి గాని ఆమెవి పిగల్లేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ, "ఇదీ ఏదో ఒకనాటికి అరిగిపోతుంది. ఏటేటా రావాలి. ఈసారి 'బాగైపోయింది' అని చెప్పను" అంది.

"మరి ఏం చెబుతారు?"

"బాగా నడుస్తోంది అంటాను. మళ్ళీ మార్చాల్సి వస్తే, బహుశా కాలి దగ్గరి నుంచే పెట్టొచ్చు."

"అలాగేనండీ. పెద్దాసుపత్రి మా దారిలో స్టాపే కదా!" అంది సైరన్. తల్లి మాత్రం బయటికొస్తూనే ఎదురైన మొదటి మనిషికి, "మా అమ్మాయి గుండె బాగా నడుస్తోంది" అని చెప్పడం మొదలుపెట్టేసింది.

ఎముక అతికింది. ఇంట్లో నడక వీధిలోకి పెరిగింది, వీధిలో నడక మార్కెట్టు దాకా పెరిగింది. ఈ మధ్యకాలమంతా ఆమె ఒక్క కేక పెట్టలేదు. పెడితే ఎక్కడ ఆగిపోతుందోనని. తాళాలాయనకు అది తెలుసు. అడగలేదు. పనిలోకి వెళ్ళొచ్చని డాక్టరమ్మ చెప్పిన మర్నాడు పొద్దున యూనిఫాం ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాడు, అంతే.

ఆ పొద్దున డిపో గేటు దగ్గర పని ఉన్నవాడూ లేనివాడూ అందరూ ఏదో ఒక పని కల్పించుకుని నిలబడ్డారు. సైరన్ ముందుగా పై అంతస్తుకు ఎక్కింది. మెట్టు మెట్టునా మిణుగురుల కోసం చూసింది. ఒక్కటీ రాలేదు. బుట్ట తాడు విప్పబోతే పైనున్నవాళ్ళు గోలపెట్టారు. "అది మాది! నువ్వు వెళ్ళు!" సరేనని వదిలేసింది. ఇప్పటికీ ఆ బుట్టలో బెండకాయలు ప్రయాణం చేస్తున్నాయి.

కిందికి వచ్చి మెట్టు మీద ఒక కాలు ఆనించింది. పళ్ళ బుట్ట పిన్ని కాలరు పైన ఎర్రగా ఉన్న కొత్త మచ్చను చూసి, "మళ్ళీ పులేనా?" అంది.

"కాదు పిన్నీ. గుండె తెరిచి కొత్త కవాటం పెట్టారు."

"పో పోవే. పులే నయం" అంది పిన్ని, కళ్ళొత్తుకుంటూ.

సైరన్ సంచీని వీపు మీదికి తోసింది. ఊపిరి తీసుకుంది. టీకొట్టు పొయ్యిలో మంట వంగింది.

"మార్కెట్టూ పాతవంతెనా గడియారస్తంభం నీళ్ళట్యాంకూ బాలికలబడీ..."

టీకొట్టాయన పాలగిన్నె అంచు పట్టుకుని నిలబడ్డాడు, దింపలేదు.

"గోదాములూ రైలుగేటూ పెద్దాసుపత్రీ..."

తిట్టు కోసం చూసి మెకానిక్కు తల వంచాడు. తిట్టు రాలేదు.

"కోర్టూ సబ్బులఫ్యాక్టరీ మూడులైట్లూ కొండమలుపూ..."

తల్లి తాళాలాయన మోచెయ్యి పట్టుకుంది.

"రేవూ..."

టీకొట్టాయన పాలు దింపాడు. చుక్క పొంగలేదు. గేటు దగ్గర ఈలలు మోగాయి. కాని కేక ఆగలేదు. "రేవూ..." వీధి మలుపులో పరిగెత్తుకొస్తున్నవాడు ఎక్కేశాడు, అయినా ఆగలేదు. బాబాయ్ గేరు మీద చెయ్యి వేసి ఎదురుచూస్తున్నాడు. రైట్ అంటేగాని కదలడు కదా! అద్దం తుడవడానికి గుడ్డ తీశాడు. తుడవాల్సింది అద్దం కాదని తెలిసి మీసం మీదుగా ముఖం తుడుచుకున్నాడు. మేనేజరు చేతి గడియారం చూసుకుంటూ గదిలోంచి వచ్చాడు. పదకొండో నంబరు బస్సు పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఆలస్యంగా బయల్దేరబోతోంది. ఆయన ఏదో అనబోయి, గడియారాన్ని చొక్కా చేతి కిందికి తోసేసి, రెండు చెవులూ చక్కగా తెరుచుకుని నిలబడ్డాడు.

"రేవూ... రేవూ... ఏం బాబూ, ఫుట్‌బోర్డు మీద ఆ నిలబడటమేంటి, లోపలికి జరుగు... రేవూ... రైట్ రైట్!"

అంతా అదే ఊపిరిలో.